ఎడమకా, కుడికా

సైకిలు ఎవరి చేతికిచ్చి వచ్చిందో సపనకు గుర్తు రావడం లేదు. పార్కు గార్డు చేతికా, గార్డు పక్కన నిలబడి పోలీసులను పిలవమంటున్న తెల్ల టోపీ ఆయన చేతికా. హ్యాండిలు రబ్బరు జిగురు అరచేతులకు ఇంకా అంటుకునే ఉంది. చున్నీకి తుడుచుకుంది, తుడుచుకున్నదా లేదా అని మళ్లీ అనుమానం వచ్చి మళ్లీ తుడుచుకుంటోంది. ఎదురుగా ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. లోపల ఒక ముసలాయన ఉన్నాడు. పేరు భూమయ్య. ఆ పేరు కూడా ఇందాక క్యాజువాలిటీలో నర్సు అడిగితే ఆయన చెప్పినప్పుడే తెలిసింది. పొద్దున పార్కు దారిలో ఆయన నడుస్తున్నాడు, సపన సైకిలు మీద వెనకనుంచి వచ్చింది, ఆయన పడిపోయాడు. ఇంతవరకు ఎవరైనా ఒప్పుకుంటారు. సైకిలు తగిలి పడ్డాడా, తగలకముందే పడ్డాడా అన్నదే తెలియడం లేదు. వచ్చింది అన్న మాటకూ పడిపోయాడు అన్న మాటకూ మధ్య రెప్పపాటంత చోటుంది. అక్కడికి వెళ్లి చూద్దామనుకున్నప్పుడల్లా ఇంకేదో వచ్చి అడ్డం నిలబడుతోంది, ఒకసారి సముద్రం మీది ఎండ, ఒకసారి ఎవరిదో కుక్క, ఒకసారి తన మోకాళ్లే.

హాజీ అలీ వైపు సముద్రం ఒడ్డున కొత్తగా తెరిచిన పార్కు అది. పొడుగ్గా ఒకటే దారి, మధ్యలో పసుపు గీత, గీతకు ఒక పక్క సైకిలు బొమ్మ, మరో పక్క నడిచే మనిషి బొమ్మ వేశారు. ఆ బొమ్మల మీంచే అందరూ నడుస్తారు. నలుగురు ఆడవాళ్లు ఒకరి పక్కన ఒకరు దారంతా పరుచుకుని మాట్లాడుకుంటూ వస్తారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న వాళ్లకు గంట వినబడదు, కుక్క ఒక పక్కన, దాన్ని పట్టుకున్న మనిషి ఇంకో పక్కన, మధ్యలో తాడు. ఒక చోట బల్లలు వేసుకుని నవ్వుల క్లబ్బు వాళ్లు చేతులు పైకెత్తి నవ్వుతుంటారు, ఆ నవ్వు తనను చూసేనేమో అని సపన మొదటి వారం ఆ బల్లల దగ్గర దిగి నడిపించుకుంటూ వెళ్లేది. గంట కొడితే కొందరు ఉలిక్కిపడి తిట్టుకుంటారు, కొట్టకపోతే గంట లేదా అని ఇంకొందరు తిడతారు. కొడితే మాత్రం ఏమవుతుంది, ముందున్న గుంపులో సగం మంది ఎడమకు, సగం మంది కుడికి జరుగుతారు, ఒకరిద్దరు జరిగిన చోటినుంచి మళ్లీ పాత చోటికే వస్తారు. నెమ్మదిగా పోవాలి అని గేటు దగ్గర బోర్డు. నెమ్మదిగా పోతే కదా తను పడిపోయేది. కొత్తగా నేర్చుకున్న వాళ్లకు వేగంగా పోతేనే సైకిలు నిలబడుతుంది, నెమ్మదిస్తే హ్యాండిలు పాములా మెలికలు తిరుగుతుంది. తను నిలబడాలంటే వేగం కావాలి, ఎదుటివాళ్లు నిలబడాలంటే వేగం ఉండకూడదు. ఈ మాట ఎవరితో చెప్పినా నవ్వుతారు. నవ్వే మాట కాదు. ముప్పై ఆరేళ్ల మనిషి రోజూ పొద్దున్నే ఆ రెండింటి మధ్య తొక్కుతోంది.

ఇవాళ ఎలా జరిగింది. నవ్వుల క్లబ్బు దాటింది. దారి కాస్త ఖాళీగా కనిపించింది. ముందు ఒక మనిషి, ఖాకీ ప్యాంటు, చేతిలో టిఫిన్ సంచి, దారికి సరిగ్గా నడుమ, పసుపు గీత మీదే నడుస్తున్నాడు, అటువైపు వాడినా ఇటువైపు వాడినా తేల్చుకోనట్టు. గంట కొట్టింది. ఆయన కుడికి వంగాడు, ఆమె ఎడమకు తిప్పింది. కాదు, ఆయన ఎడమకే వంగాడు, ఆమె కుడికి తిప్పబోయి ఆగింది. ఆయన మళ్లీ ఇటే వచ్చాడు. ఆమె బ్రేకు నొక్కింది. నొక్కిందా? సైకిలు నెమ్మదించింది, హ్యాండిలు ఊగింది, కాలు నేలకు ఆనింది. ఆ తర్వాత ఆయన నేల మీద ఉన్నాడు, సంచిలోంచి గిన్నె దొర్లుకుంటూ గోడ దాకా వెళ్లింది. సపన పని చేసేది నాగ్‌పాడాలో కళ్లద్దాల షాపులో. కళ్ల ముందు అద్దం మార్చి, ఇది బాగా కనిపిస్తోందా, ఇంతకు ముందుదా అని రోజంతా అడుగుతుంది, జనం మొదట గట్టిగానే చెబుతారు, ఐదారు అద్దాలు మారాక ఏదీ తేల్చలేక రెండూ ఒకేలా ఉన్నాయమ్మా అంటారు. ఇప్పుడు ఆమెకూ అంతే. హ్యాండిలు చివర ఆయన మోచేతికి తగిలినట్టు ఒక అద్దంలో కనిపిస్తుంది. తన కాలు ఆనేసరికే ఆయన పడి ఉన్నట్టు ఇంకో అద్దంలో కనిపిస్తుంది. మెత్తగా ఏదో తగిలిన గుర్తు చేతిలో ఉంది, అది ఆయన చొక్కానా, బ్రేకు తీగ వణుకా?

అయ్యో దేవుడా అని అరిచింది. తెలుగులో అరిచింది. బయట నలుగురిలో తెలుగు నోటికి రావడం ఆమెకు అలవాటు లేదు, షాపులో హిందీ, పార్కులో మరాఠీ, పిల్లల బడిలో ఇంకేదో. ఆ కేక మాత్రం తెలుగే. అందరూ చుట్టుముట్టారు. ఈ సైకిళ్ల వాళ్లను లోపలికి రానివ్వొద్దు అని ఒకావిడ, ఫోను పైకెత్తి వీడియో తీస్తూ ఒకతను, పోలీసులు అంటూ తెల్ల టోపీ. గార్డు వచ్చి ఎక్కడుంటావని అడిగాడు. నాగ్‌పాడా అంది. కామాటిపురా అంటే ఒళ్లమ్ముకునే వీధులే అందరికీ గుర్తొస్తాయని ఆ పేరు చెప్పడం చిన్నప్పుడే మానేసింది, బడిలో కూడా నాగ్‌పాడా అనే రాయించింది వాళ్లమ్మ. నువ్వే గుద్దావా అని గార్డు అడిగాడు. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో ఇప్పటికీ తెలియదు. ఆమె ఏదో చెప్పేలోపే కిందనుంచి ఆ ముసలాయన తల ఎత్తి, ఎడమ చెయ్యి ఊపి, హిందీలో, ఆమె తప్పు లేదు, నాకే తల తిరిగింది, నేనే పడ్డా అన్నాడు. అని, ఆమె వైపు చూసి తెలుగులో, చిన్నగా, "ఏం కాలే బిడ్డా, భయపడకు" అన్నాడు. కుడి మణికట్టు అప్పటికే మెలి తిరిగిపోయి ఉంది.

ఫోన్ మోగింది. శైలేష్. ఆమె భర్త పొద్దున డ్యూటీలో ఉన్నాడు, బడి పిల్లల వ్యాను నడుపుతాడు, వెనక పిల్లల గోల వినిపిస్తోంది. ఇందాక దవాఖానకు వస్తూ టాక్సీలోంచే సపన ఫోన్ చేసి అంతా చెప్పింది. అప్పుడు ఏమీ అనలేదు, ఇప్పుడు ఆలోచించుకుని చేశాడు. "ఆయననే పడ్డ అన్నడు గద. ఇంకేంది నీకు? దవాఖానకు దెచ్చినవ్, చాలు. ఆయన మనిషి రాంగనే ఎల్లొచ్చెయ్. లఫ్డాల వడకు." ఆయన పడ్డది నా వల్లనేమో అంది సపన. ఏమో అంటే ఏంది, తగిలిందా లేదా అన్నాడు. తెలియదు అంది. తెలియకపోతే తగల్లేదనే కదా అన్నాడు. అలా ఎలా అవుతుంది అని ఆమె అడగబోతుంటే పిల్లలెవరో దిగుతున్నారు, ఫోన్ పెట్టేశాడు. శైలేష్ చెడ్డవాడు కాదు. సైకిలు నేర్పింది ఆయనే. ఆదివారాలు పొద్దున్నే, షాపుల షట్టర్లు తెరవకముందు, గల్లీలో సీటు పట్టుకుని వెనక పరుగెత్తేవాడు. చక్రం దిక్కు చూడకు, ముందల చూడు అని వందసార్లు చెప్పాడు. ముందుకు చూడడమే ఆమెకు రాదు. పుట్టి పెరిగిన ఈ గల్లీల్లో ఆడపిల్లలకు నడక నేర్పేదే తల దించి, అటూ ఇటూ చూడకుండా, వేగంగా. గుమ్మాల్లో ఆడవాళ్లు గిరాకీ కోసం నిలబడే ఫోరస్ రోడ్ దాటేదాకా తల ఎత్తొద్దనేది అమ్మ. ఎవరైనా పిలిచినా తిరిగి చూడొద్దనేది. సైకిలు మీద తల దించితే పడిపోతావు. అందుకే ఇష్టమైంది ఆమెకు. తల ఎత్తక తప్పని పని ఒకటి దొరికింది. సముద్రం పక్కన తల ఎత్తి, జుట్టు ఎగురుతుంటే, ఎవరూ నువ్వెక్కడి పిల్లవని అడగని చోట తొక్కుకుంటూ పోవడం. ఇవాళ కూడా తల ఎత్తే ఉందా? ఎత్తి ఉంటే చూసి ఉండాలి కదా. సముద్రాన్ని చూస్తోందేమో. సముద్రాన్ని చూస్తూ మనిషిని గుద్దిందేమో.

మెట్ల దగ్గర చెప్పుల చప్పుడు. ఒక అమ్మాయి, పాతికేళ్లు ఉంటాయేమో, మాల్‌లో పని చేసేవాళ్ల యూనిఫాం చొక్కా, మెడలో ఐడీ కార్డు వెనక్కి తిరిగిపోయి ఉంది, పరుగున వచ్చి బెంచీ మీద ఉన్న టిఫిన్ సంచిని గుర్తుపట్టి ఆగింది. భూమయ్య కూతురు శ్రావణి. సైకిల్ నీదేనా అని హిందీలో అడిగింది. సపన తెలుగులో అవునంది. ఆ తెలుగు విని శ్రావణి మొహం మెత్తబడలేదు, ఇంకా బిగుసుకుంది. ఎక్కడుంటారని అడిగితే సపన ఈసారి గల్లీ పేరుతో సహా చెప్పింది. మాది రెండు గల్లీలవతలనే అంది శ్రావణి. ఇన్నేళ్లూ ఈ పిల్లను చూడలేదు, ఆ ముసలాయననూ చూడలేదు. చూసే ఉంటుంది. తల దించుకుని పోతుంటే కనిపించేవి ఎవరి చెప్పులో, ఎవరి చీర అంచులో. శ్రావణి తలుపు తోసి లోపలికి వెళ్లబోయింది, ఎక్స్‌రే మనిషి బయటికి పొమ్మన్నాడు, వచ్చి బెంచీ చివర కూర్చుంది. కొంతసేపు ఇద్దరూ ఎర్ర బల్బును చూశారు.

తర్వాత శ్రావణి మాట్లాడింది, ఆమెతో కాదు, బల్బుతో మాట్లాడినట్టు. వాళ్ల నాన్న పార్కు పక్క బిల్డింగులో రాత్రి వాచ్‌మన్. పాలమూరు నుంచి వచ్చి ఎన్నో ఏళ్లు గోడలు కట్టాడు, నడుము పోయాక ఈ పని దొరికింది. డ్యూటీ దిగి పార్కులోంచి నడుచుకుంటూ బస్సు స్టాపుకు వస్తాడు. "పప్పా ఆ గార్డుతోని ఏమన్నడో తెలుసా? తల తిరిగి చక్కరొచ్చి పడ్డ అన్నడు. పార్కు గార్డు, బిల్డింగ్ గార్డు అందరూ ఒకటే ఏజెన్సీ. నేను ఇక్కడికి రాకముందే సూపర్‌వైజర్ ఫోన్ జేసిండు. చక్కరొచ్చే మనిషిని నైట్ డ్యూటీకి ఎట్ల పెట్టుకుంటం, ఇంట్ల కూసోమను అన్నడు." ఆగి, మొదటిసారి సపన వైపు తిరిగింది. "నువ్వు ఒక్క మాట చెప్పక్కా. సైకిల్ కొట్టింది అని. కేసు గీసు ఏం పెట్టం మేము. ఆయన బీమార్ కాదు, దెబ్బ తగిలింది అంతే అని వాళ్లకు తెలిస్తే చాలు. ఒక్కటే మాట."

ఒక్కటే మాట. సపన చేతిలో రెండు మాటలు ఉన్నాయి, రెండూ చిన్నవి, రెండూ ఎవరో ఒకరికి పనికొచ్చేవి. నేను కొట్టాను అంటే ఈ పిల్ల నాన్నకు పని మిగులుతుంది. ఆయనే పడ్డాడు అంటే శైలేష్ నిశ్చింతగా పిల్లల్ని దించుకుంటాడు. ఈ రెండిట్లో ఏది జరిగిందో ఎవరూ అడగడం లేదు, ఏది అంటావో అని అడుగుతున్నారు. కొట్టాను అనేస్తే ఏం పోతుంది? కొట్టి ఉండకపోతే అబద్ధం. కొట్టి ఉంటే, అన్నందుకు మంచిదాన్ని అయిపోతాను, కొట్టినదానికి బదులు మంచి పేరు, అదేం న్యాయం? శ్రావణి ఎదురుచూస్తోంది. సపన, నాకు సరిగ్గా తెలియదమ్మా, ఆయన్ను ఒక మాట అడగనివ్వు అంది. ఇందులో అడిగేదేముంది అని శ్రావణి మొహం తిప్పుకుంది. నిజమే, ఏముంది. ఆయనే పడ్డాడంట.

ఆయనే పడ్డాడంట. ఈ మాట మొదటిసారి విన్నది ఇవాళ కాదు. ఆరో తరగతిలో ఉంది తను. పరేల్ వైపు కడుతున్న ఒక బిల్డింగులో నాన్న పని చేసేవాడు, పేరు పెద్దయ్య, పరంజి మీద నిలబడి గోడలకు పూత పూసేవాడు. మధ్యాహ్నం పూట ఎవరో కాంట్రాక్టరు మనిషి తాముండే వరస గదుల చాల్ మెట్లెక్కి వచ్చాడు, చెప్పులు విడవలేదు, గడప దాటలేదు, గడప బయటే నిలబడి, కాలు జారింది, అతనే పడ్డాడు, దవాఖానకు రండి అని చెప్పి మెట్లు దిగిపోయాడు. అమ్మ బియ్యం ఏరుతోంది. చాట కింద పెట్టి, ఎట్ల పడ్డడు అని అడిగేసరికి అక్కడ మనిషి లేడు. నాన్న మాట్లాడకుండానే పోయాడు. ఆ తర్వాత అమ్మ, పెంటమ్మ, ఆ ప్రశ్న పట్టుకుని నాన్నతో పని చేసిన వాళ్ల ఇళ్లన్నీ తిరిగింది, ధారావి దాకా పోయింది ఒకరి కోసం. పరంజి పలక తడిగా ఉండె అని ఒకరన్నారు. తాడు వదులైంది అని ఒకరు. ఒకాయన మాత్రం, కిందనుంచి ఎవరో పెద్దయ్యా అని పిలిచిండ్రు, ఆయన వెనక్కి తిరిగి చూసిండు అన్నాడు. పిలిచిందెవరని అమ్మ అడిగితే తెలియదన్నాడు. అమ్మ చచ్చేదాకా ఆ పిలిచినవాణ్ని తలుచుకుని తిట్టింది. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ, ఒక్కసారిగా చెయ్యి ఆపి, ఎందుకు పిలిచిండో వాడు, పని మీదున్న మనిషిని అనేది. పిలిస్తే తిరిగి చూడొద్దని తనకు అన్ని సార్లు చెప్పింది అందుకేనేమో, ఫోరస్ రోడ్ కోసం కాదేమో. ఇంత వయసొచ్చాక ఇప్పుడు తోస్తోంది ఈ సంగతి, ఈ బెంచీ మీద.

సపన కూడా వాణ్ని తిట్టుకుంటూనే పెరిగింది. మొహం లేని మనిషి, ఒట్టి గొంతు. ఆ గొంతుకు ఒక ఇల్లుంటుందని, ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం తినలేక ఎవరో కూర్చుని ఉంటారని ఎప్పుడూ అనుకోలేదు. ఎందుకు పిలిచి ఉంటాడు, చాయ్ వచ్చిందని పిలిచాడేమో, జాగ్రత్త పలక తడిగా ఉంది అని చెప్పడానికే పిలిచాడేమో. పిలిచినందుకు పడ్డాడా, పిలిచేసరికే జారాడా అని వాడికీ తెలియదేమో. గంట ఎందుకు కొడతాం, జరగమని కదా, తగలొద్దని కదా. వాడు ఆ సాయంత్రం చాల్ కింద దాకా వచ్చి, మెట్లు ఎక్కలేక తిరిగిపోయి ఉంటాడేమో. వచ్చి ఉంటే అమ్మ ఏం చేసేది, కొట్టేదా? కొట్టి ఉండేది. కొట్టిన తర్వాత కూర్చోబెట్టి అడిగేది. వాడు ఏం చెప్పేవాడు? నాకు తెలియదు అని చెప్పేవాడు. తెలియదు అన్న ఆ ఒక్క ముక్క వినడానికేనా అమ్మ అన్ని ఇళ్లు తిరిగింది? అంత చిన్నదానికా? సపనకు తను ఎటువైపు కూర్చుందో అర్థం కాలేదు. పక్కన శ్రావణి కార్డు తాడును వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది, ఆరో తరగతి పిల్లలా ఉంది. ఆ పిల్ల వైపా తను, గొంతు వైపా?

బల్బు ఆరిపోయింది. భూమయ్యను చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. మణికట్టు విరిగింది, తుంటి బాగానే ఉంది, కట్టు వేస్తే చాలు అన్నాడు డాక్టరు. శ్రావణి ఆ మాట కోసమే ఆగినట్టు, ముందు ఊపిరి వదిలి, వెంటనే నాన్న మీద విరుచుకుపడింది, ఎందుకట్ల అన్నవు పప్పా, ఎవరడిగిండ్రు నిన్ను అని మరాఠీలోనూ తెలుగులోనూ. ఆయన వంగిన తలతో విన్నాడు. రాత్రంతా మేల్కొన్న కళ్లు, కింది రెప్పలు ఎర్రగా. సపన కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ కళ్లకు తన కళ్లు ఎదురుగా రావాలంటే అలాగే కూర్చోవాలి.

"కాకా, మీకు నిజంగ చక్కరొచ్చిందా?"

భూమయ్య కూతురి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "లేదు బిడ్డా. చక్కర్ ఏం రాలే. గంట ఇనవడ్డది. ఎడమకు జరగాల్నా కుడికి జరగాల్నా అని సోంచాయిస్తున్న. గంతట్లనే కింద ఉన్న."

"నా సైకిల్ తగిలిందా?"

చాలాసేపు ఆలోచించాడు ఆయన. కళ్లు మూసుకుని, ఆ చోటికే వెళ్లి వెతుకుతున్నట్టు, తను ఇంతసేపూ వెతికినట్టే. "తగిలిందేమో. తగల్లేదేమో. ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను."

"మరి మీరే పడ్డ అని ఎందుకన్నరు?"

"అంతమంది నీ మీదికొస్తుండ్రి. నువ్వు అయ్యో అంటివి. మనోళ్ల పిల్లనే అనుకున్న. నోట్లకెల్లి ఆ మాట ఎల్లింది." ఆగి, విరిగిన చేతిని ఒళ్లోకి జరుపుకున్నాడు. "ఎల్లినంక సోంచాయించిన, డ్యూటీ పోతది గద అని. అప్పటికే అయిపాయె."

శ్రావణి ఫోను సపన ముందు పెట్టింది, సూపర్‌వైజర్ నంబరు తెర మీద ఉంది. ఏం చెబుతావో నీ ఇష్టం అన్నట్టుంది ఆ పెట్టడం, లేక అడిగి అడిగి అలిసిపోయినట్టుందేమో. సపన ఫోను తీసుకుంది. అటువైపు మగ గొంతు ఎవరు అంది. సైకిలు తొక్కుతున్నది నేను అని హిందీలో మొదలుపెట్టింది. ఆ తర్వాతి మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, తడుముకుంటూ, నెమ్మదిగా తొక్కినప్పటి సైకిలులా ఊగుతూ. వెనకనుంచి వచ్చింది నేను, గంట కొట్టింది నేను, ఆయన జరగబోయింది నా గంట విని. నా సైకిలు తగిలిందో లేదో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. కానీ ఆయనకు తల తిరగలేదు. నన్ను జనం తిట్టకుండా ఉండాలని ఆ మాట అన్నాడు. ఆ సమయానికి నేను ఆ దారిన రాకపోయి ఉంటే ఆయన ఇప్పుడు బస్సులో ఇంటికి పోతుండేవాడు. అటువైపు గొంతు, అయితే గుద్దావా లేదా సూటిగా చెప్పు అంది. సూటిగానే చెప్పాను అంది సపన. పేరు, చిరునామా అడిగాడు, పార్కు ఆఫీసుకు వచ్చి ఇదే చెబుతావా అని అడిగాడు. చెబుతానంది. చిరునామా చెబుతూ కామాటిపురా అంది, అన్నాక గానీ అన్నట్టు తెలియలేదు. కొంచెంసేపు అటువైపు ఎవరితోనో మాట్లాడి, కట్టు విప్పాక తీసుకురండి, అప్పుడు చూద్దాం, అప్పటిదాకా వేరే మనిషిని పెడతాం అన్నాడు. అది ఉంచడమో తీసేయడమో అర్థం కాలేదు. శ్రావణికి చెబితే ఆ పిల్ల చూద్దాం అన్న మాటను రెండుసార్లు పలికి చూసుకుని, పొద్దుటి కంటే నయమే అంది. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో సపనకు తెలిసేది కాదు.

కట్టు వేయించుకున్నాక ముగ్గురూ టాక్సీలో వచ్చారు. శ్రావణి సగం రోజు సెలవు పెట్టలేనని దారిలో మాల్ దగ్గర దిగిపోయింది, దిగుతూ, అమ్మకు నేనింక చెప్పలే, భయపడ్తది అంది, ఎవరితో అన్నదో తెలియలేదు. శైలేష్ ఫోను రెండుసార్లు మోగింది. సాయంత్రం మాట్లాడుతా, కోపం చెయ్యకు అని మెసేజ్ పెట్టింది. భూమయ్య కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు, టాక్సీ కుదిపినప్పుడల్లా కట్టు వేసిన చెయ్యి జారుతుంటే సపన పట్టుకుంది. దిగాక గల్లీలో ఆయన్ను మెల్లగా నడిపించుకుంటూ వెళ్లింది. ఎండ ఎక్కింది, చాల్ వరండాల్లో ఆరేసిన బట్టలు, ఎవరింట్లోనో తెలుగు సీరియల్ గొంతులు, ఎవరో భూమన్నకేమాయె అని పైనుంచి అడిగారు. తల ఎత్తి చూస్తే మూడో అంతస్తు కటకటాల వెంట ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, వాళ్లూ ఆమెను చూస్తున్నారు. ఇరుకు మెట్ల మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఎవరు ముందు ఎక్కాలో తేలక ఒక్క క్షణం ఇద్దరూ ఆగారు. ఆయన జారితే పట్టుకోవాలి కదా అని ఆమె వెనక ఎక్కింది. ఇంట్లో ఏం చెప్పాలో టాక్సీలోనే కూర్చుకోవాల్సింది. ఫోన్లో చెప్పినంత తేలికగా మనిషి ముందు చెప్పగలనా? తిరిగి పోతే? గడప దాకా తెచ్చి దించితే చాలదా, శైలేష్ అన్నట్టు చాలు అనుకుంటే ఎవరు కాదంటారు?

తలుపు తెరిచే ఉంది. భూమయ్య భార్య లక్ష్మమ్మ స్టవ్ ముందు ఉంది, చాయ్ పొంగకుండా గరిటెతో తిప్పుతోంది, భర్త ఆలస్యమైనందుకు తయారుగా పెట్టుకున్న కోపం మొహం మీద ఉంది. కట్టు చూసింది. కోపం అలాగే ఉండిపోయింది, దాని కింద మొహం మారిపోయింది. భూమయ్య, ఏం కాలేదే, కొంచెం, అని ఏదో అనబోయాడు. ఆమె ఆయన మాట వినలేదు, వెనక నిలబడ్డ తెలియని మనిషిని చూసింది.

"ఎట్ల పడ్డడు?"

సపన చెప్పులు గడప బయట విడిచింది. లోపలికి వచ్చి, గోడ పక్కన నేల మీద కూర్చుంది.

"సరిగ్గ నాగ్గూడ ఎర్కలేదు పెద్దమ్మా. సైకిల్ మీద ఎనకకెల్లి వచ్చింది నేనే. ఎర్కున్నంత వరకు మొత్తం చెప్తా."

లక్ష్మమ్మ చాయ్ గిన్నె దించి, స్టవ్ ఆర్పి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చుంది.